రంది చెప్పుకునే చోటు: మన నేపథ్యాన్ని గౌరవించే కౌన్సెలింగ్‌ను మొదలుపెట్టడం

ఉద్యోగ విరమణ తరవాత నేను సుల్తానాబాద్‌లో ఉంటున్నాను. ఇక్కడ ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒక మాట పదేపదే వినబడుతుంది: రంది. ‘బిడ్డ పెండ్లి రంది’, ‘కొడుకు దుబాయి పోయి ఫోన్ చేస్తలేడన్న రంది’, ‘రందితోనే సగమైంది’. మీ మనోవిజ్ఞాన శాస్త్ర పాఠ్యపుస్తకంలో ఈ మాట కనబడదు. అక్కడ కుంగుబాటు ఉంటుంది, ఆందోళన ఉంటుంది, ఒత్తిడి ఉంటుంది. రందిలో ఈ మూడూ కొంచెం కొంచెం ఉన్నాయి గాని, అది వీటిలో ఏ ఒక్కటీ కాదు. ఒక మనిషి కోసం పడే బెంగ, చేయగలిగింది ఏమీ లేదన్న నిస్సహాయత, తిండి సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంటాయి.

ఇలాంటి రందితో ఉన్న మనిషి మొదటిసారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే తన బాధను ఎవరి భాషలో చెప్పాలి? తన కులం, తన ఊరు, తన మతం, తన యాస ఆ గదిలోకి రావచ్చా, లేక గుమ్మం బయట వదిలిపెట్టి రావాలా? ఈ పాఠంలో మనం చర్చించేది ఇదే. మీలో కొందరికి ఇది పరీక్ష కోసం చదివే విషయం. మరికొందరికి సొంత అవసరం కావచ్చు. ఇద్దరినీ దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

నా అనుభవం ఒకటి చెప్పి అసలు విషయంలోకి వస్తాను. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో నాకు నెలల తరబడి నిద్ర పట్టలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదిలేవి. ఒక మిత్రుడి బలవంతం మీద నగరంలో ఒక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. ఆయన నా ఇంటిపేరు అడిగారు, ఊరు అడిగారు, మా నాయిన ఏం పని చేస్తాడని అడిగారు. అన్నీ విని నవ్వుతూ, ‘మీకు రిజర్వేషన్ ఉంది, ఫెలోషిప్ వస్తోంది, ఇంక దిగులు దేనికండీ?’ అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాడు, ఇచ్చిన మందు కూడా తప్పు కాదు. కానీ నేను మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లలేదు. ఆ తరవాత ఆరేళ్లపాటు ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. హాస్టల్లో భోజనాల దగ్గర, సెమినార్ గదిలో జరిగే చిన్న చిన్న విషయాలే నా నిద్రను తినేస్తున్నాయని ఆయనకు చెబుదామనే వెళ్లాను. ఆయన మొదటి ప్రశ్నలతోనే ఆ తలుపు మూసుకుపోయింది.

ఆ చిన్న చిన్న విషయాలకు శాస్త్రంలో ఒక పేరుందని నాకు చాలా కాలం తరవాత తెలిసింది. అమెరికాలో చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి మానసిక వైద్యుడు 1970లలో వాటిని ‘మైక్రో అగ్రెషన్స్’ అన్నాడు. సూక్ష్మ అవమానాలు అని మనం అనుకోవచ్చు. తిట్టు ఉండదు, దెబ్బ ఉండదు. ఒక చూపు, ఒక జోకు, ‘మీవాళ్లలో ఇంత చదువుకున్నోళ్లు ఉంటారా’ అనే మెచ్చుకోలు. ఒక్కొక్కటి విడిగా చెబితే ఎవరూ నమ్మరు. అన్నీ కలిస్తే మనిషి లోపల అరుగుతాడు. డెరాల్డ్ వింగ్ సూ, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన వ్యాసంలో ఇలాంటివి చికిత్స గదిలో కూడా జరుగుతాయని వివరించారు. సాయం కోసం వెళ్లిన చోటే అవి ఎదురైతే, వెళ్లిన మనిషి రెండోసారి రాకపోవడమే ఎక్కువ.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైంది

మానసిక చికిత్స పద్ధతులు ఎక్కువ భాగం యూరప్, అమెరికాల్లో, అక్కడి మధ్యతరగతి తెల్లవారి జీవితాలను ఆధారం చేసుకుని రూపొందాయి. అవి అందరికీ ఒకేలా పనిచేస్తాయా అన్న అనుమానానికి ఒక మంచి ఉదాహరణ అల్జీరియాలో దొరుకుతుంది. ఫ్రాంట్జ్ ఫానన్ అనే వైద్యుడు 1953లో బ్లిడా పట్టణంలోని మానసిక వైద్యశాలలో చేరాడు. యూరోపియన్ స్త్రీల వార్డులో ఆయన పండుగలు, సినిమా ప్రదర్శనలు, రోగులు నడిపే పత్రిక వంటివి ప్రవేశపెడితే మంచి ఫలితం వచ్చింది. అదే పద్ధతిని అల్జీరియా ముస్లిం పురుషుల వార్డులో పెడితే ఎవరూ ముందుకు రాలేదు. లోపం రోగులది కాదని, తెచ్చిపెట్టిన పద్ధతిదని ఫానన్ గుర్తించాడు. రోగుల భాష కూడా తమకు రాదని, దుబాసీ ద్వారా మాట్లాడుతున్నామని ఒప్పుకున్నాడు. తరవాత అక్కడ వాళ్లకు అలవాటైన కాఫీ కొట్టు పెట్టించాడు, వాళ్ల పండుగలు జరిపించాడు, కథలు చెప్పేవాణ్ని పిలిపించాడు. వార్డులో కదలిక వచ్చింది.

అమెరికాలో 1968లో నల్లజాతి మనోవిజ్ఞానవేత్తలు తమ సొంత సంఘం పెట్టుకున్నారు. తెల్లవారిని కొలమానంగా పెట్టి తమ పిల్లలను, తమ కుటుంబాలను ‘లోపం’గా చూడడాన్ని వాళ్లు ప్రశ్నించారు. వర్ణ వివక్షను అనుభవించే మనిషి అస్తిత్వాన్ని సమస్యగా చూడకుండా, ఆ మనిషి బలంగా, చికిత్సలో భాగంగా చూసే పద్ధతి అక్కడి నుంచి పెరిగింది. ఇవాళ అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు కూడా దక్షిణాసియా నేపథ్యం తెలిసిన కౌన్సెలర్ కోసం వెతుకుతారు. అయితే ‘దక్షిణాసియా’ అన్న మాట కింద కులం దాగిపోతుంది. ఆ సంగతి వెతికేవాళ్లలో కొందరికే తెలుసు.

మన దేశంలో ఈ దిశలో పని జరగలేదని అనుకోకండి. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను కూడా ఆవరణలో గుడారాలు వేసి ఉంచాడు. మన దగ్గర రోగి ఒంటరి మనిషి కాడని, ఇంటివాళ్లకు అర్థమైతేనే చికిత్స నిలుస్తుందని ఆయన ఆలోచన. 1973లో జె.ఎస్. నేకీ గురుశిష్య సంబంధాన్ని చికిత్సా సంబంధానికి నమూనాగా తీసుకోవచ్చా అని చర్చించాడు. నాకు నేకీ వాదన పూర్తిగా ఒప్పుదల కాదు. గురువు దగ్గరికి ఎవరికి ప్రవేశం ఉండేది, ఎవరికి లేదు అన్న ప్రశ్న మన దేశంలో అడగకుండా ఉండలేం. ఈ మధ్యకాలంలో దివ్య కందుకూరి మొదలుపెట్టిన ‘ది బ్లూ డాన్’ వంటి బృందాలు దళిత బహుజనులకు కుల స్పృహ ఉన్న కౌన్సెలర్లను అందుబాటులోకి తేవడానికి ప్రయత్నిస్తున్నాయి. ఆ ప్రశ్నకు ఆచరణలో వస్తున్న జవాబుల్లో ఇది ఒకటి.

ఎవరి మాటల్లో చెప్పాలి

ఒక విద్యార్థిని ఊహించుకోండి. సుల్తానాబాద్ చుట్టుపక్కల ఒక ఊరు. పగలు రైస్‌మిల్లులో పని, రాత్రి దూరవిద్య పుస్తకాలు. నాయిన గల్ఫ్‌లో ఉన్నాడు, తెచ్చిన అప్పు ఇక్కడుంది. ఆరు నెలల నుంచి ఛాతీలో మంట, తలనొప్పి, చేతులు కాళ్లు గుంజడం. ఊరి ఆర్‌ఎంపీ రెండుసార్లు సెలైన్ ఎక్కించాడు. చివరికి పెద్ద ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. అక్కడ ఈ అబ్బాయి ఏం చెబుతాడు?

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. యూట్యూబ్‌లో విన్న మాటలు ముందే సిద్ధం చేసుకుంటారు: ‘నాకు డిప్రెషన్ ఉంది సార్, యాంగ్జయిటీ ఉంది సార్.’ లేదా తమ యాసను దాచి పుస్తకాల తెలుగులో మాట్లాడతారు. మన యాసను సినిమాల్లో చాలాకాలం రౌడీలకు, నౌకర్లకు, నవ్వించే పాత్రలకు ఇచ్చారు కదా. ఆ సిగ్గు ఇంకా పోలేదు. మాటలు సరిచేసుకునే శ్రమలో బాధ వెనక్కి జారుతుంది. ‘పానం తల్లడిల్లుతుంది’ అంటే వైద్యుడికి ఒక సమాచారం అందుతుంది. ‘పొద్దుగూకితే బుగులైతది’ అంటే ఇంకొకటి అందుతుంది: భయం ఎప్పుడు వస్తుందో కూడా అందులో ఉంది. ‘యాష్టకొచ్చింది’ అనే మనిషి విసిగిపోయాడు. ‘రందయితుంది’ అనే మనిషి ఎవరికోసమో కుమిలిపోతున్నాడు. ఈ తేడాలన్నీ ‘డిప్రెషన్’ అన్న ఒక్క మాటలో కలిసిపోతాయి.

ఉట్నూరు వైపు గోండి మాట్లాడే మనిషికి ఈ కష్టం రెండింతలు. ఆయన ముందు గోండి నుంచి తెలుగులోకి, తరవాత తెలుగు నుంచి ఆసుపత్రి భాషలోకి మారాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ముస్లిం గృహిణిదీ దాదాపు ఇదే స్థితి. అందుకే మీరు అడగదగిన మొదటి ప్రశ్న, ‘నేను మా ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడొచ్చా?’ అన్నది. మంచి కౌన్సెలర్ సరేనంటారు. అర్థం కాని మాట వస్తే మిమ్మల్నే అడుగుతారు.

శాస్త్రం కూడా దీన్ని ఒప్పుకుంది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 గ్రంథంలో సంస్కృతికి సంబంధించిన 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి చేర్చారు. మీ సమస్యను మీ ఇంటివాళ్లకైతే ఎలా చెబుతారు, దానికి కారణం ఏమనుకుంటున్నారు, ఇంతవరకు ఎవరి దగ్గర సాయం పొందారు, మీ నేపథ్యంలో ఏ అంశం మీకు బలం, ఏది బరువు అన్న తీరులో అవి సాగుతాయి. వైద్యుడి నేపథ్యం వేరు కావడం వల్ల మీకేమైనా సందేహం ఉందా అన్న ప్రశ్న కూడా వాటిలో ఉంది. మా వైద్యుడు నన్ను ఈ ప్రశ్నల్లో ఒక్కటి అడిగి ఉన్నా సరిపోయేదని నాకు అనిపిస్తుంది.

పిలుపు సంగతి కూడా చెప్పాలి. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’, ‘ఏరా’, ‘ఏమే’ అన్నవి వట్టి వ్యాకరణం కాదు. వాటిలో వయసు, చనువు, కులం, హోదా ఉన్నాయి. మన వైపు అమ్మను, నాయినను, అన్నను ‘నువ్వు’ అనే పిలుస్తాం. అందులో అగౌరవం లేదు. అందుకని ఒక కౌన్సెలర్ ‘నువ్వు చెప్పు తమ్మీ’ అంటే తప్పుపట్టనవసరం లేదు. కానీ పక్క కుర్చీలోని తెల్లబట్టల ఆసామిని ‘మీరు కూర్చోండి’ అని, మీ అమ్మను ‘ఏమే, ఎప్పటి నుంచి?’ అని అడిగితే ఆ తేడా మీకు వెంటనే తెలుస్తుంది. అది మీ అనుమానం కాదు. ‘మా అమ్మను మీరు అనండి’ అని మెల్లగా చెప్పడం మీ హక్కు. చెప్పలేకపోతే, వేరే చోటికి వెళ్లడం కూడా హక్కే.

గుడి, దర్గా, కట్టు

మన ప్రాంతంలో మనసు బాగాలేని మనిషిని ముందు ఎక్కడికి తీసుకుపోతారో మీకు తెలుసు. కొండగట్టు అంజన్న దగ్గర 40 రోజులు ఉంటే నయమవుతుందని నమ్మే కుటుంబాలున్నాయి. దర్గాలో తాయెత్తు కట్టించేవాళ్లు, పోచమ్మకు మొక్కేవాళ్లు ఉన్నారు. ఈ మాట వైద్యుడికి చెబితే ‘చదువుకుని కూడా ఇదేంటి’ అంటారేమోనని భయపడి చాలామంది దాచిపెడతారు.

దాచకండి. కౌన్సెలర్‌కు అది వెక్కిరించే విషయం కాకూడదు. మీకు ఏది ధైర్యం ఇచ్చిందో, ఎవరు మీ వెంట వచ్చారో దాని వల్ల తెలుస్తుంది. గుడికి వెళ్లి మందు కూడా వేసుకోవచ్చు, రెండింటికీ వైరం లేదు. కానీ నమ్మకం పేరుతో కట్టివేయడాన్ని, కొట్టడాన్ని, మందు ఆపించడాన్ని మన సంస్కృతి అని గౌరవించాల్సిన అవసరం ఎవరికీ లేదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న అగ్నిప్రమాదం జరిగినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక చనిపోయారు. ఇప్పుడు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది.

చట్టం మీకు ఇచ్చినవి

ఆ చట్టం 2017 నాటిది. దానిలో మూడు విషయాలు గుర్తుంచుకోండి. 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక ఆరోగ్య సేవలను పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. అందులో లింగం, మతం, సంస్కృతి, కులం, వర్గం, వైకల్యం, రాజకీయ విశ్వాసాల ఆధారంగా వివక్ష చూపకూడదు. కులం అన్న మాట చట్టంలోనే ఉండడం చిన్న సంగతి కాదు. రెండోది, ఒక మనిషి సామాజిక, ఆర్థిక స్థితిని బట్టి, లేదా ఏ సాంస్కృతిక, మత సమూహానికి చెందినవాడన్న దాన్ని బట్టి మానసిక వ్యాధి ఉందని నిర్ణయించడానికి వీల్లేదు. మూడోది 23వ సెక్షన్: మీరు చెప్పింది గోప్యంగా ఉండాలి. ప్రాణాపాయం, ఇతరులకు హాని, కోర్టు ఆదేశం వంటి మినహాయింపులున్నాయి. మీ మామ వచ్చి అడిగాడని చెప్పడం ఆ మినహాయింపుల్లోకి రాదు.

చట్టం ఉన్నంత మాత్రాన సేవలు ఉన్నట్టు కాదు. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో వేర్వేరు సమస్యలకు చికిత్స అందనివారు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని తేలింది. ఆ 12లో మన రాష్ట్రం లేదు. ఇక్కడ అంతకంటే మెరుగ్గా ఉందని అనుకోవడానికి నాకైతే కారణం కనబడదు.

మొదలుపెట్టడం

ఇంటి నుంచి కదలకుండా మొదలుపెట్టాలంటే టెలీ మానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన ఈ ఉచిత సేవ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉండి, పక్కన అందరూ ఉంటే పొలం గట్టుకో మేడ మీదకో వెళ్లి చేయండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఈ పాఠం పక్కన పెట్టి ఇప్పుడే ఆ నంబరుకు ఫోన్ చేయండి. మీరు నమ్మే మనిషికి చెప్పి పక్కన ఉండమనండి, లేదా దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.

ముఖాముఖి కలవాలంటే ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి, వైద్య కళాశాల ఆసుపత్రి మంచి చోట్లు. సుల్తానాబాద్ వాళ్లకు అటు కరీంనగర్, ఇటు పెద్దపల్లి, రామగుండం ఉన్నాయి. మందులు రాసేది మానసిక వైద్యులు. క్లినికల్ సైకాలజిస్టులు మాటల ద్వారా చికిత్స చేస్తారు, పరీక్షలు జరుపుతారు. వాళ్ల పేరు భారత పునరావాస మండలి రిజిస్టరులో ఉండాలి. బోర్డు మీద ‘కౌన్సెలర్’ అని రాసుకున్న ప్రతివాళ్లకూ శిక్షణ ఉండదు. ఎక్కడ చదివారు, ఎంతకాలంగా చేస్తున్నారు అని అడగడం అమర్యాద కాదు.

కౌన్సెలర్ మన కులం వాళ్లే అయి ఉండాలా? విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. మన జీవితం వివరించకుండానే అర్థం చేసుకునే మనిషి ఎదురుగా ఉంటే సగం బరువు దిగుతుంది, అది నిజం. కానీ మన దగ్గర అలాంటివాళ్లు చాలా తక్కువ. పైగా చిన్న పట్నంలో మన కులం మనిషి అంటే, ఎక్కడో ఒకచోట మన చుట్టం అని కూడా అర్థం. కులాంతర ప్రేమ గురించో, అత్తింటి హింస గురించో చెప్పుకోవాల్సిన అమ్మాయికి సొంత కులం కౌన్సెలరే ఎక్కువ భయం కావచ్చు. అందుకని నేను చెప్పేది ఇది: కులం ఏదని చూసే ముందు, కులం గురించి మాట్లాడితే ఆ మనిషి ఎలా వింటారో చూడండి. ‘నేను ఫలానా కులం నుంచి వచ్చాను. నా బాధలో దానికీ వాటా ఉంది. మీతో దాని గురించి మాట్లాడొచ్చా?’ అని మొదటి రోజే అడగండి. ‘ఇప్పుడు కులం ఎక్కడుంది?’ అని జవాబు వస్తే మీకు కావలసింది అక్కడ దొరకదు. ‘నాకు అంతగా తెలియదు, మీరు చెప్పండి’ అంటే అది మంచి జవాబే. తెలియకపోవడం తప్పు కాదు. అయితే ప్రతి వారం మీరే పాఠం చెప్పాల్సి వస్తుంటే, మీ సమయం ఆయన చదువుకు ఖర్చవుతోందని గ్రహించండి.

‘మీరు ఏమోళ్లు?’ అన్న ప్రశ్న వాళ్ల నుంచే వస్తే? ఎందుకు అడుగుతున్నారో చూడాలి. చికిత్సకు అవసరమని కారణం చెప్పి అడగడం వేరు, కూర్చోకముందే అడగడం వేరు. జవాబు చెప్పకుండా ‘ఆ సంగతి తరవాత చెబుతాను’ అనవచ్చు.

మొదటి రోజే ఏం చేయాలో చెప్పేస్తారని ఆశపడకండి. మనకు డాక్టరంటే చీటీ రాసిచ్చే మనిషి, పెద్దమనిషంటే తీర్పు చెప్పే మనిషి. కౌన్సెలింగ్‌లో ఎక్కువసేపు మీరే మాట్లాడతారు. ‘వట్టిగ విని పంపిచ్చిండు’ అని మొదటి రోజే మానేసినవాళ్లు నాకు తెలుసు. మూడు నాలుగుసార్లు వెళ్లాక నిర్ణయించుకోండి. ఇది అవమానం జరిగిన చోటుకు వర్తించదు. అవమానానికి నాలుగు అవకాశాలు ఇవ్వనవసరం లేదు. ఒక్కటే జాగ్రత్త: కౌన్సెలర్‌ను మార్చినప్పుడు మందులు మీ అంతట మీరు ఆపకండి, పాత చీటీ వెంట తీసుకెళ్లండి. నేను ఆరేళ్లు పోగొట్టుకున్నది ఒక వైద్యుణ్ని వదిలినందుకు కాదు, ఇంకొకరి కోసం వెతకనందుకు.

అభ్యాసం

ఒక కాగితం తీసుకుని ఈ మధ్య మీకు కలిగిన ఒక బాధను మీ అమ్మకో అక్కకో చెప్పినట్టు, మీ ఇంటి మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి. తరవాత అదే సంగతిని ఈ పుస్తకంలోని సాంకేతిక పదాలతో రాయండి. మొదటి దానిలో ఉండి రెండో దానిలో లేకుండా పోయిన విషయాల కింద గీత గీయండి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లే రోజు వస్తే, మొదటి కాగితాన్ని జేబులో పెట్టుకుని వెళ్లండి.